పంచాయతీ కబురు గూడెమునకు చేరు త్రోవ



ఈ పూట మీతో ముచ్చటింపదలచినది క్రొత్త విషయమేమియు గాదు. పంచాయతీ యొక తీర్మానము చేయును. ఆ తీర్మానము మీ గడపకు ఏ త్రోవను వచ్చుచున్నది, ఎవరి నోట వచ్చుచున్నది, అసలు వచ్చుచున్నదా లేదా అనునదే నా ప్రసంగవిషయము. ఇందుకు ఖమ్మముసీమకును భద్రాచలపు మన్యమునకును నడుమనున్న అడవియంచును ఉదాహరణముగా గైకొంటిని. అచ్చట గోదావరికి ఇటునటు రెండు ప్రభుత్వములు చిరకాలము ఏలినవి. రెండు పేర్ల చాటింపులు వినబడినవి. ఆ రెంటికిని చెందని మూడవ పద్ధతి యొకటి కోయగూడెములలో మొదటినుండియు నుండెను.

తెలుగుదేశమున రాజాజ్ఞను ఱాతిపై చెక్కించి పదుగురు తిరుగుచోట నిలుపుట ప్రాత యాచారము. కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవున ఓడవర్తకులకు అభయమిచ్చుచు వేయించిన శాసనము అట్టి బహిరంగ ప్రకటనయే. కాని ఱాయి చదువువచ్చినవానితోనే మాటాడును. ఊరివారందరితో మాటాడినది తప్పెట.

నైజాము దరిని మాలీపటేలు, పోలీసుపటేలు, పట్వారీ గ్రామాధికారులు. వారి కబురును మోసికొని తిరిగినవారు సేతుసిందీలు, మస్కూరీలు. మదరాసు ప్రభుత్వపు గ్రామములలో మునసబు, కరణము. వారి చేతిక్రింద తలారి, వెట్టి. ఒక దరిని దండోరా యనిరి, ఒక దరిని టముకు అనిరి. వాయించిన చేయి మాత్రము రెండుదరులను ఊరిబయటి వాడలోనిదే. శిస్తు ఎప్పుడు కట్టవలెను, దొరగారి మకాము ఎన్నడు వచ్చును, బండ్లు ఎవరు తోలవలెను, ఇవియే ఆ చాటింపులలోని సంగతులు. నైజాము తెలంగాణమున ఈ పని పెక్కుచోట్ల వెట్టిచాకిరిగనే జరిగెను. ఊరంతటికి చావడి సంగతి చాటినవాడు ఆ చావడి యరుగు నెక్కి కూర్చుండుటకు నోచుకొనలేదు. గ్రామచరిత్రలు వ్రాయువారు పటేండ్ల వంశావళులను వ్రాసిరిగాని, ఈ తప్పెటవాని పేరు వ్రాసినవారు అరుదు. చాటింపునకు బదులుమాట లేదు. విన్నవాడు తలయూచి పోవలసినదే. ఈ సంగతిని దయచేసి జ్ఞాపకముంచుకొనుడు, ముందు దీనితో పనియున్నది.

ఇక నదికి రెండుదరులు రెండు రాజ్యములైన కథ. గోదావరి యెడమగట్టున నున్న భద్రాచలపు సీమను 1860లో నైజాము ఆంగ్లేయులకు ఇచ్చివేసెను. అది కొంతకాలము మధ్యపరగణాలలోని ఎగువగోదావరి జిల్లాలో నుండి, 1874లో భద్రాచలము, రేకపల్లి తాలూకాలుగా మదరాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు కలుపబడెను. కుడిగట్టున పాల్వంచ, బూర్గంపాడు నైజాములోనే నిలిచినవి. భద్రాచలమువద్ద గోదావరిపై వంతెన 1965లో గాని రాలేదు. అందాక పడవ దాటినచో ప్రభుత్వము మాఱెడిది, ఫర్మానా భాష మాఱెడిది. అడవి మాత్రము మాఱలేదు. అడవిలోని కోయలును కొండరెడ్లును మాఱలేదు. ఇరుదరులను వారికి చుట్టరికములుండెను.

ఆ గూడెములలో పంచాయతీ యెట్లుండెను? గూడెమునకొక పెద్ద, పిమ్మట అతనిని పటేలనుటయు కలిగెను. అతనికి తోడుగా పినపెద్ద, దేవతాకార్యములకు పూజారి, కబురు చెప్పుటకు వేపరి. కొన్ని గూడెములు కలసినచో సముతు. వేపరి తప్పెట కొట్టి పోవువాడు కాడు. ఇంటింటికి పోయి, ఇంటివానిని పిలిచి, ఫలానా తగవునకై ఫలానా చెట్టుక్రింద కూర్చుందమని చెప్పి, వత్తునను మాట తీసికొని పోవువాడు. భూమిపండుగ నాడు విత్తనములకు పూజచేయునప్పుడును, క్రొత్తల పండుగ నాడును గూడెమంతయు ఎట్లును గుమిగూడును గనుక పెద్ద విషయములకు వేఱుగా సభ పిలువ నక్కఱ లేకుండెను. మాట పుట్టినచోటనే అందరును ఉందురు. పుట్టిన తరువాత దానిని మోసికొని పోయి చాటవలసిన పని తక్కువ. ఆ సభలు లోపము లేనివని నేననను. స్త్రీలమాట వానిలో ఎంత చెల్లెడిదో పెద్దలే యెఱుగుదురు. ఐనను కబురు విషయమున వారిపద్ధతి మన చావడిపద్ధతికంటె మేలని నా యభిప్రాయము.

ఈ రెండు పద్ధతులు ఒకదానితో నొకటి ఢీకొన్నది అడవిచట్టముల కాలమున. మదరాసు రాజధానిలో 1882లో అడవిచట్టము వచ్చెను. ఒక అడవిని రిజర్వు చేయదలచినచో చుట్టుప్రక్కల గ్రామములలో ప్రకటన చేయవలెను. హక్కు కలదనువారు మూడుమాసములకు తగ్గని గడువులోపల వచ్చి చెప్పుకొనవలెను. చెప్పుకొనని హక్కు పోయినట్లే. కాగితముమీద ఇందు తప్పేమున్నది? గడువిచ్చిరి, ప్రకటించిరి. కాని ఆ ప్రకటన తెలుగున వ్రాయబడి తాలూకాకచ్చేరీ గోడకు అంటింపబడినచో, వాగునకు ఆవల కోయభాష మాటాడుచు పోడు కొట్టుకొను మనిషికి అది వినబడునా? మూడుమాసములు గడచినవి. గీత గీయబడినది. తాత కొట్టిన పోటు మనుమనికి నేరమైనది. 1940 తరువాత హైమెండార్ఫు పండితుడు గోదావరి గండికొండలలో కొండరెడ్ల నడుమ నివసించి, 1945లో ప్రకటించిన గ్రంథమున, అడవి చట్టములకును కలప గుత్తేదారులకును నడుమ వారు పడిన యగచాట్లను వివరించెను. ఏ కాగితమున ఏమున్నదో తెలియకుండుటయే వారి కష్టములలో పెద్దది.

స్వరాజ్యము వచ్చిన పిదప చట్టములకు కొదువలేదు. ఆంధ్రప్రాంతమునకు 1950 నాటి మదరాసు పంచాయతీచట్టము, తెలంగాణమునకు 1956 నాటి హైదరాబాదు చట్టము నుండగా, 1959లో భద్రాచలము, నూగూరు తాలూకాలు తూర్పుగోదావరి నుండి ఖమ్మము జిల్లాకు మాఱినవి. రెండు ప్రాంతములకును ఒకే పంచాయతీచట్టము 1964లో కుదిరెను. ఆ దినములలో పంచాయతీకొక రేడియోపెట్టె యిచ్చి, చావడిముందు సాయంకాలము వ్యవసాయ ప్రసంగములు వినిపించుట మీలో పలువురకు జ్ఞప్తి యుండును. దానికిని తప్పెటకున్న లోపమే యున్నదని రేడియోలో మాటాడుచునే యొప్పుకొనుచున్నాను. నేను మీతో మాటాడుచున్నాను గాని, మీమాట నాకు వినరాదు.

గ్రామాధికారుల యుద్యోగములు 1984లో రద్దయినవి. 1994 నాటి పంచాయతీరాజ్ చట్టము గ్రామసభను ఏటికి రెండుమారులు, ఏప్రిలు 14న, అక్టోబరు 3న, కూర్పవలెనని విధించెను. మైదానపువారికి ఆ తేదీలు సరిపోవచ్చును. అడవియంచున ఏప్రిలు నడుమ ఇప్పపూవు రాలుకాలము. తెల్లవారకముందే తట్టలు పట్టుకొని ఇల్లిల్లు అడవికి పోవును. దాని వెనుకనే తునికాకు వచ్చును. సభకు జనము రాలేదని వ్రాసికొన్న అధికారి, జనము ఎక్కడనున్నారని అడిగియుండినచో బాగుండెడిది. తెలంగాణమున 2018 నాటి చట్టము రెండుమాసముల కొకమారు గ్రామసభ యుండవలెననెను; ఇది కొంత మేలు.

మన్యమునకు సంబంధించి అసలు మార్పు వేఱొకటి. 1996లో పార్లమెంటు షెడ్యూలు ప్రాంతముల పంచాయతీ చట్టమును, 1998లో రాష్ట్రశాసనసభ తదనుగుణమైన చట్టమును చేసినవి. నియమములు 2011లో వచ్చినవి. పంచాయతీ యనగా పది గూడెములు కలసిన పెద్దయూరు కాదనియు, తన ఆచారము ప్రకారము తన పనులు నడుపుకొను ఒక్కొక్క గూడెమునకును గ్రామసభ యుండవచ్చుననియు ఇందలి సారాంశము. భూసేకరణకు ముందు ఆ సభను సంప్రతింపవలెను. సంతపైనను, వడ్డీవ్యాపారముపైనను, చిల్లర అటవీఫలసాయముపైనను గ్రామసభకును పంచాయతీకిని అధికారము కలదు.

ఇట్టి యూహ మనకే పుట్టినదని గర్వింప నక్కఱలేదు. ఇంగ్లండునందు 1894 నాటి చట్టము పల్లెలకు పారిషు కౌన్సిళ్లను ఏర్పఱచినప్పుడు, మున్నూఱు మందికి తక్కువ జనమున్న పారిషునకు కౌన్సిలు తప్పనిసరి చేయక, ఓటర్లందరి సభతోనే సరిపెట్టెను. సభకు ముందు నోటీసు ఊరిలో అందరికి కనబడుచోట అంటింపవలెను. పూర్వము చర్చితలుపే ఆ చోటు. ఆదివారము ఊరంతయు ఆ తలుపు దాటి పోవును గదా. మన కచ్చేరీ గోడ దాటి పోవువారెవరు?

తరువాత 2006లో అటవీహక్కుల చట్టము వచ్చెను. గ్రామసభ హక్కుదారులను పిలిచి దరఖాస్తులు తీసికొనవలెను. గడువెంత యనుకొందురు? మరల మూడుమాసములే, అవసరమైనచో సభ దానిని పొడిగింపవచ్చును. నూఱేండ్లకు పూర్వము హక్కులు పోయిన గడువు, తిరిగివచ్చు గడువు ఒక్కటే యగుట చూడుడు. ఆ సారి ఎవరికి వినబడినదో వారికి భూమి నిలిచినది.

నేనెఱిగిన యొక గూడెము కలదు, పేరు చెప్పను. వానకాలమున వాగు పొంగియుండగా తప్పెటవాడు ఈవలి గట్టుననే చాటి మరలెను. పెద్దయూరిలో సభ జరిగెను. పుస్తకమున సంతకములు, వ్రేలిముద్రలు నిండినవి. గూడెమునుండి ఒక్కడును లేడు. కొన్ని నెలల పిమ్మట మేము కొందఱము పోయి విచారింపగా, ఒక ముసలాయన చుట్ట ఆర్పి యిట్లనెను: "సభకు మేము రాలేదందురు సరే. సభ మా గూడెమునకు ఎన్నడు వచ్చినది?" ఆయన యడిగినది ఎకసెక్కెము గాదు. ఆయన యెఱిగిన సభ గూడెమునకు వచ్చునదే. ఆ యేడు ఆ గూడెమున పోడుభూమి నమ్ముకొన్న కుటుంబములు దరఖాస్తు లేక మిగిలిపోయినవి. ఒక తల్లి భర్త పోయినదగ్గఱనుండి తానే సాగుచేసికొనుచున్న చెలకకు కాగితము లేక, ప్రతి వేసవిని గుండె చేతబట్టుకొని గడిపినది.

2012లో నియమములు సవరింపబడి, అటవీహక్కుల సభకు సభ్యులలో సగము, వారిలో మూడవవంతు స్త్రీలు రావలెనని యేర్పడెను. 2014లో మరల గీతలు మాఱినవి. పోలవరపు ముంపుకొఱకు చింతూరు, కూనవరము, వరరామచంద్రపురము, కుక్కునూరు, వేలేరుపాడు మొదలగునవి ఆంధ్రప్రదేశమునకు పోయినవి. భద్రాచలపు పట్టణము తెలంగాణమున నిలువగా, దాని చుట్టునున్న పల్లెలు వేఱురాష్ట్రమైనవి. ఆసుపత్రికిని అంగడికిని వచ్చునది భద్రాచలమునకు; నోటీసు వచ్చునది ఇంకొక రాజధానినుండి. ఊరు కదలకయే పడవకాలము మరల వచ్చినట్లయ్యెను.

ఆ గూడెపుకథ మిగిలినది. మఱుసారి సభకు పెద్దలే ఏర్పాటు చెప్పిరి. సభ సంతరోజున వలదు. కబురు మాత్రము సంతలో చెప్పవలెను. గోడకాగితము రేషనుడిపో తలుపున అంటింపవలెను. కోయమాట వచ్చిన చిన్నవాడొకడు ఇంటింటికి పోయి, ఆడవారితో నేరుగా చెప్పి రావలెను. ఆ చిన్నవాడు తప్పెటవాని కొడుకు; వాడకు చెందినవాడైనను సంతలలో కోయమాట నేర్చినవాడు. అతనికి ఆ దినపు కూలి పంచాయతీ యిచ్చెను. సభ చింతచెట్టుక్రింద జరిగెను. ఆ తల్లి తన చెలక హద్దులు కోయభాషలో చెప్పగా, కార్యదర్శి వానిని తెలుగులిపిలో ఉన్నదున్నట్లు పుస్తకమున వ్రాసి, చదివి వినిపించెను. ఒక హద్దు తప్పు పడినదని ఆమె యనెను. కొట్టివేసి మరల వ్రాసినారు. తప్పెటవాని కొడుకు ముసలాయన ప్రక్కనే చాపమీద కూర్చుండి వినుచుండెను.