మన కల్లును, స్పెయిను దేశపు షెర్రీయును



కల్లును గూర్చి చరిత్రప్రసంగమేమిటి యని కొందఱు ముక్కుమీద వ్రేలు వేసికొందురు. కోటలు చరిత్రయగును, శాసనములు చరిత్రయగును. తాటిచెట్టునకు గట్టిన లొట్టి యేల కాకూడదు? పోచమ్మకడ సాకగా పోయునది యిదియే. నైజాము ఖజానాను నింపినదియు నిదియే. దీనికొఱకు చెట్టుపైనుండి పడి ప్రాణములు విడిచినవారు ప్రతి గ్రామమునను గలరు. నేను త్రాగుడును మెచ్చుకొనుటకు రాలేదు. త్రాగి చెడిన కాపురములను మీరెఱుగుదురు, నేనును ఎఱుగుదును. నేను చెప్పదలచినది రుచిని గూర్చి. ఒక దేశమువారు తమ మద్యపు రుచికి కావలి యెట్లు పెట్టుకొనిరో, మనము పెట్టుకొనకపోవుటచేత నేమి జరిగెనో, అదియే నేటి విషయము.

మన నల్లగొండ, పాలమూరు సీమలలో కల్లు రెండు జాతులు: తాటికల్లు, ఈతకల్లు. తాడు చెలకగట్లమీదను, చెఱువుకట్టల వెనుకను నిలిచి, ఎండలు ముదిరినకొలది బాగుగా పాఱును. ఈత వాగుల యొడ్డున, తేమగల పల్లములలో పెరుగును; దాని రుచి చలికాలమున చూడవలెను. తాటిని గీయుట యనగా గెలను గీయుట. పోతుతాటికి పూగెలను, పండుతాటికి కాయగెలను మెత్తబఱచి, కొసను పలుచగా కోసి, దానికి లొట్టిని దగిలింతురు. ఈతకు గెలతో పనిలేదు. మొవ్వు దిగువను లేతగా నున్న కాండమునే చెక్కి, అటనుండి ఊట దీయుదురు. కోత లోతైన చెట్టు చచ్చును, లోతు చాలకున్న ఊట రాదు. ఈ కొలత యే పుస్తకమునను లేదు, గౌడుల చేతిలో నున్నది. మోకు, ముస్తాదు, గీతకత్తి, ఈ మూడే వారి సామగ్రి.

చెట్టునుండి కారునపుడది కేవలము తియ్యని నీరు. లోపల సున్నము పూసిన లొట్టిలో బట్టిన పులియదు. దానినే నీరా యందురు. సున్నము లేని లొట్టిలో కంటికి కానరాని సూక్ష్మజీవులు తీపిని బట్టుకొని గంటలలోనే మద్యముగా మార్చును. మంచి కల్లునందు మద్యము నూటికి నాలుగైదు పాళ్ళకు మించి యరుదుగా నుండును. మఱునాటికి వేఱొక జాతి జీవులు వచ్చి ఆ మద్యమును పులుసుగా మార్చును. ఆపైన నది పచ్చళ్ళకు దప్ప పనికిరాదు. కావున కల్లు రుచి యనగా చెట్టు రుచి మాత్రమే కాదు, గడియారపు రుచి కూడ. తెల్లవాఱి దింపిన ఈతకల్లు పలుచగా, చల్లగా, తియ్యగా నుండి చివరను నాలుకపై చిటపటలాడును. తాటికల్లు దానికంటె బరువు. పులుపు ముందు వచ్చును, తీపి వెనుక వచ్చును, వాసన ఘాటు. పొద్దు వాలునప్పటికి రెండును ముదిరి, తీపి తఱిగి, గొంతు పట్టుకొనును. తాటాకు రేకలో పోసికొని త్రాగినవారికి ఆకు వాసనయు గొంత కలియును. వెనుకటి పెద్దలు కనులు మూసికొని యిది ఫలాని గట్టుమీది చెట్టు కల్లని చెప్పెడివారన్న మాట అతిశయోక్తిగా దోచవచ్చును గాని, నేను నమ్ముదును. నమ్ముటకు కారణము స్పెయిను దేశమున గలదు.

ఆ దేశపు దక్షిణపుఁ గొసను, సముద్రమునకు దగ్గఱగా, హెరెజ్ అను పట్టణమున్నది. అరబ్బులు దానిని షెరీష్ అనిరి. ఆంగ్లేయులు ఆ పేరునే షెర్రీగా పలికి, అచటి ద్రాక్షాసవమునకు పెట్టిరి. సుద్దవలె తెల్లని నేల, పాలొమినో యను తెల్లద్రాక్ష, సముద్రపు గాలి, ఈ మూడింటి బిడ్డ యది. స్పెయినులో తెల్లని యాసవములు పెక్కు గలవు. వానలు హెచ్చుగా గురియు వాయవ్యపు గలీసియాలో ఆల్బరీన్యో, నడిమి పీఠభూమిలోని రుయేదాలో వెర్దేఖో ప్రసిద్ధములు. వీనిలో మిక్కిలి భాగము లేతగా నుండగనే త్రాగుదురు; మన ఉదయపు కల్లువలె వాని సొగసంతయు తాజాతనముననే యున్నది. షెర్రీ త్రోవ వేఱు. అది కాలముతో గుద్దులాడినది. పులిసిన ద్రాక్షరసమునకు కొంత ద్రాక్షసారాను గలిపి, బలమును నూటికి పదునైదు పాళ్ళవఱకు దెత్తురు. పీపాను నిండ నింపక పైని కొంత వెలితి యుంచినచో, ఆ రసముమీద తెల్లని పొరయొకటి యేర్పడును. దానిని వారు ఫ్లోర్, అనగా పువ్వు, అందురు. అదియు పులియజేయు సూక్ష్మజీవియే. మన లొట్టిలోని జీవులు కల్లును తొందఱపెట్టి చంపుచుండగా, ఈ పొర గాలిని అడ్డగించి ఆసవమును సంవత్సరములకొలది కాపాడును. చుట్టఱికమున్న జీవులే; ఇచట దొంగలు, అచట కావలివాండ్రు.

అంతియే కాదు. పీపాలను వరుసలుగా పేర్చి, అన్నింటికంటె పాతవరుసనుండి కొంత తీసి సీసాల కెక్కింతురు. ఆ వెలితిని దానికంటె లేతవరుసనుండి నింపుదురు. దానిని ఇంకను లేతదానితో. దీనికి సొలేరా పద్ధతి యని పేరు. మన యిండ్లలో పాత తోడుతో కొత్తపాలను పేరబెట్టినట్లు, పాతది కొత్తదానికి గుణము నేర్పుచుండును.

నేను కొన్ని షెర్రీలను చిన్నగాజుపాత్రలలో ప్రక్కప్రక్కన నుంచి రుచి చూచితిని. ఫినో యనునది ఎండుగడ్డి రంగు. తీపి లేశమును లేదు. పచ్చిబాదము వాసన, రాత్రి పులియబెట్టిన దోసెపిండి వాసన కలిసి వచ్చును. సముద్రపుటొడ్డున సాన్‌లూకర్ పట్టణమున నిలువచేసిన మన్జనిల్లా దానికి చెల్లెలు. నాలుకపై ఉప్పు తగిలినట్లుండును. ఆ పొర చచ్చిపోయిన తరువాత గాలితగిలి గోధుమవన్నెకు దిరిగినది అమొంటిల్లాదో; ఇందు వేయించిన పప్పుల కమ్మదనము వచ్చును. పొరయే లేక, నూటికి పదునేడు పాళ్ళు దాటిన బలముతో, మొదటినుండి గాలిలోనే పెరిగినది ఒలొరోసో. రంగు చిక్కని కషాయము, వాసన పాత కొయ్యపెట్టె తెఱచినట్లు. ఇక పెద్రో హిమేనెజ్ అను ద్రాక్షను ఎండలో నార్చి చేసినది పాతబెల్లపు పాకమే. రెండు చెంచాలకంటె నాకు సహింపలేదు. మన నాలుకకు దగ్గఱివాడు ఫినోయే. తాటికల్లు పులుపునకు అలవాటుపడినవారికి అందలి చేదు కొత్తగాదు. ఈతకల్లువంటిది మాత్రము ఆ వరుసలో నాకు కనబడలేదు.

ఆ పీపాల నడుమ వెనెన్సియా యను పొడవుకాడ గరిటెతో ఆసవమును తీసి రుచిచూచువాండ్రు గలరు. వారు పీపామీద సుద్దతో గీచిన గీతనుబట్టి యే పీపా ఫినో కావలెనో, యేది ఒలొరోసో కావలెనో నిర్ణయమగును. 1587లో ఆంగ్లేయ నావికుడు డ్రేకు కాదిజ్ రేవుపై బడి వేలకొలది పీపాలను కొల్లగొట్టుకొని పోయెను. ఆంగ్లేయులకు ఆ రుచి మప్పుటకు ఆ దోపిడియు గొంత తోడ్పడెనని చెప్పుదురు. 1933లో హెరెజ్ పేరునకు స్పెయిను ప్రభుత్వము రక్షణ నిచ్చి, ఆ పేరిట అమ్మబడు ఆసవము యే నేలది, యే రీతిది కావలెనో నిర్ణయించుటకు నొక నియామక సంఘమును స్థాపించెను. ఈ సంవత్సరమును జ్ఞప్తియందుంచుకొనుడు.

ఇచట మన కథ వేఱు. ఖిలాషాపురపు సర్వాయి పాపన్న గీతపనివారి కులమున బుట్టినవాడు. 1708లో వరంగల్లును కొల్లగొట్టెను, 1709లో భువనగిరిపై బడెను. 1710లో గాయపడి, పాఱి, హసనాబాదు గ్రామమున నొక కల్లు అమ్మువానికడ నుండగా గుర్తింపబడి పట్టుబడెను. మొగలాయి చరిత్రకారుడు ఖాఫీఖాను ఈ తిరుగుబాటును వ్రాసియున్నాడు. వానికి పాపన్నయందు లేశమును దయలేదు. మన జనులు పాటలలో నిలుపుకొన్న పాపన్న వేఱొకడు. (ప్రసంగవశమున నొక మాట: నకిరెకల్లు, తాటికల్లు మొదలగు ఊళ్ళ పేళ్ళ చివర నున్న కల్లు, త్రాగు కల్లు కాదు, ఆ శబ్దమునకు రాయి యను పాతయర్థము గలదు. తాటికల్లువారిని ఈ మాటతో వేళాకోళము చేయువారు గమనింతురుగాక.)

నైజాము కాలమున భూమిశిస్తు తరువాత ఆబ్కారీయే రాజ్యాదాయపు పెద్దపద్దులలో నొకటి. చెట్టునకు పన్ను, దుకాణమునకు వేలము. వేలము పాడిన గుత్తేదారునకు చెట్లయందును, వానిని గీయువారియందును పెత్తనము. 1933లో హెరెజ్ నందు ప్రభుత్వము రుచి యేమి యని యడుగుచుండగా, ఇచట సర్కారు అడిగినది చెట్లెన్ని, దుకాణమెంతకు పాడిరి అని మాత్రమే. కల్లు మంచిదా యని యడిగిన యధికారి చరిత్రలో నాకు కనబడలేదు. నా యభిప్రాయమున తరువాతి యనర్థమునకు విత్తనమిచటనే పడినది.

1947లో నైజాము ఆదాయమును దెబ్బతీయుటకు స్టేట్ కాంగ్రెసువారు సత్యాగ్రహమున తాళ్ళను, ఈదులను నఱికించిరి. కమ్యూనిస్టులు చెట్లను నఱుకవలదు, పన్ను కట్టక గీసికొనుడని చెప్పిరి. గీతపనివానికి చెట్టు కూలిన బువ్వ పోవును గనుక ఈ రెండవమాట నల్లగొండ గ్రామములలో చెవికెక్కెను. సూర్యాపేటకు చెందిన బొమ్మగాని ధర్మభిక్షము గారు గీతపనివారిని సంఘముగా గూర్చుటలో ప్రముఖులైరి. వారు 1991లోను, 1996లోను నల్లగొండనుండి పార్లమెంటుకు ఎన్నికైరి. గీసేవానికే చెట్టు దక్కవలెనన్న కోరిక ఆ పోరాటపు సారము.

కాని పట్టణము పెరిగెను, చెట్లు తఱిగెను. దుకాణములలో అమ్ముడుపోవు కల్లు చెట్లు ఇచ్చు కల్లుకంటె హెచ్చాయెను. ఆ హెచ్చు ఎచటనుండి వచ్చెను? నీళ్ళు, చక్కెరతీపి కలిపి, మత్తుకొఱకు క్లోరల్ హైడ్రేటు కలిపిరి; తరువాత డైజెపాం, ఆల్ప్రజోలాం అను నిద్రమందులు కలిపిరి. వీనికి రుచి అక్కఱలేదు. త్రాగువాని నాలుక మొద్దుబాఱిన చాలును. ఇట్టి కల్లునకు అలవడినవానికి అది యొక్కసారి మానిన చేతులు వణకును, మూర్ఛలు వచ్చును, మతి చలించును. 2015లో కల్తీపై గట్టిగా దాడులు జరిగినపుడు నిజామాబాదు, మహబూబునగరు జిల్లాల ఆసుపత్రులకు ఇట్టివారు గుంపులుగా వచ్చిరి. కల్లు దొరకకపోవుటచేత వచ్చిన జబ్బు కాదది. కల్లు కానిదానిని కల్లని త్రాగుటచేత వచ్చినది. 2004లో హైదరాబాదు నగరమున కల్లుదుకాణములు మూయించిరి. 2014లో మరల దెఱపించిరి. మూసినపుడు గాని, తెఱచినపుడు గాని రుచికి పరీక్షకులను పెట్టిన జాడ లేదు.

ఇప్పుడు కొంత కదలిక యున్నది. 2023లో హైదరాబాదున హుస్సేన్‌సాగరపు టొడ్డున నీరా అమ్ముశాలను తెఱచిరి. 2024లో కాటమయ్య రక్ష యను పేరిట చెట్టెక్కువారికి పడకుండ కాపాడు సామగ్రి నిచ్చుట మొదలిడిరి. ఇది మంచిపని, కాని చెట్టెక్కువాడే యరుదగుచున్నాడు. గీతకత్తి పట్టిన తాతగారి మనుమలు బస్తీలకు పోవుచున్నారు. తాతలకు తెలిసిన కొలత వారితోడనే పోవును.

మీలో చెట్టు క్రింద కూర్చుండి త్రాగినవారు ఇంకను గలరు గనుక పరీక్షను మీ కొప్పజెప్పుచున్నాను. మంచి కల్లుమీద ఈగయు, తేనెటీగయు వ్రాలును. దాని పులుపు పొద్దుతోపాటు పెరుగును. ఒక లొట్టి కల్లు మఱియొక లొట్టి కల్లువలె నుండదు. చెట్టు మాఱిన మాఱును, ఎండ మాఱిన మాఱును. ఉదయము త్రాగినను సాయంకాలము త్రాగినను, మాఘమున త్రాగినను వైశాఖమున త్రాగినను, ఒక్కటే తీపి, ఒక్కటే మత్తు ఇచ్చు సీసా మీ చేతికి వచ్చినచో, అది తాటినుండి గాని ఈతనుండి గాని దిగినది కాదు.