మట్టిని మోయు నది: హువాంగ్‌హో

చైనా దేశములోని హెనాన్ రాష్ట్రమున కైఫెంగ్ అను పురాతన నగరము కలదు. దానికి ఉత్తరముగా సుమారు 10 కిలోమీటర్ల దూరమున హువాంగ్‌హో నది పారుచున్నది. నదిని చూడవలెనన్న మనము సాధారణముగా గట్టు దిగి పోవుదుము. కైఫెంగ్ వారు మాత్రము గట్టెక్కి చూడవలెను. అక్కడ నది అడుగుభాగమే ఊరి నేలకంటె 7 నుండి 10 మీటర్లు ఎత్తున ఉన్నది. రెండు కరకట్టల నడుమ, పెంకుటిండ్ల కప్పులను మించిన ఎత్తున ఒక మహానది పోవుచున్నదన్నమాట! ఇట్లెందుకు జరిగినదో తెలిసికొనినచో ఈ నది చరిత్రలో ముప్పాతిక భాగము తెలిసినట్లే.

హువాంగ్‌హో అనగా పచ్చని నది; ఆకుపచ్చ కాదు, పసుపుపచ్చ. చింఘాయ్ రాష్ట్రములోని బయాన్‌హర్ పర్వతములలో పుట్టి, 5,464 కిలోమీటర్లు ప్రయాణము చేసి, బోహాయ్ సముద్రములో కలియును. పుట్టినచోట నీరు తేటగనే ఉండును. ఇన్నర్ మంగోలియా వరకు ఉత్తరముగా పోయి, అక్కడ నుండి దక్షిణమునకు తిరిగి, లోయెస్ పీఠభూమిని కోయుచు దిగివచ్చునపుడే దానికి ఈ రంగు పట్టును. లోయెస్ అనునది, మంచు యుగములలో ఎడారుల నుండి గాలి మోసికొని వచ్చి పోసిన మెత్తని ధూళి. కొన్నిచోట్ల దాని మందము 200 మీటర్లు మించును. ఎండియున్నంత వరకు అది నిట్టనిలువు గోడవలె నిలుచును. ప్రజలు దానిలో గుహలు తొలిచి ఇండ్లుగా వాడుకొనుచు వచ్చిరి. తడిసినదా, బెల్లమువలె కరగిపోవును.

1919 నుండి 1960 వరకు కొలిచిన లెక్కల ప్రకారము ఈ నది ఏటేట సగటున 160 కోట్ల టన్నుల మట్టిని తెచ్చినది. లీటరు నీటికి సుమారు 35 గ్రాములు! ఉపాధ్యాయులు ఒక లీటరు నీటిలో అంత మెత్తని మట్టిని తూచి కలిపి చూపినచో విద్యార్థులకు విషయము కంటికి కట్టును. ఇది సగటు మాత్రమే. ఉద్ధృతమైన వరదలలో ఇందుకు పదిరెట్లకు మించి ఉండును. నీటి మాట చూచితిమా, యాంగ్‌ట్సీ నదిలో పారు నీటిలో పదిహేనవ వంతైనను ఇందు లేదు. నీరు తక్కువ, బరువు ఎక్కువ.

కొండలు దాటి మైదానమున ప్రవేశించగనే వాలు తగ్గును, వేగము తగ్గును, మట్టి అడుగున దిగును. ఉత్తర చైనా మైదానము చాలవరకు ఇట్లు ఏర్పడినదే. కాని ప్రజలు పొలములను కాపాడుకొనుటకు కరకట్టలు కట్టిరి. అంతవరకు మైదానమంతట పరచుకొన్న మట్టి అప్పటి నుండి గట్ల నడుమనే దిగసాగెను. అడుగు మెరకయైనది, గట్టు ఎత్తు పెంచిరి, మరల మెరకయైనది. ఏదో ఒక వర్షకాలమున గండిపడును. అపుడు పైనున్న నది క్రిందికి దూకి, తిరిగి పాతదారికి ఎక్కలేదు. గడచిన 2,500 సంవత్సరములలో 1,500కు పైగా గండ్లు పడినవనియు, 26 పర్యాయములు నది దారి మార్చినదనియు చైనావారి లెక్క. 1128లో శత్రుసైన్యములను ఆపుటకై సుంగ్ రాజ్యాధికారి ఒకడు గట్టు తెగగొట్టించెను. ఆ తరువాత నది దక్షిణమునకు మరలి, హువాయ్ నది దారిని ఆక్రమించి, 1855లో మరల ఉత్తరమునకు తిరుగు వరకు అటే పోయినది.

గట్లు ఎట్లుండవలెనను వాదము చైనాలో రెండువేల ఏండ్ల నాటిది. హాన్ చక్రవర్తుల కాలమున జియా రాంగ్ అను అధికారి, నదికి చోటు విడిచి మనమే దూరముగా జరుగుట మేలనెను. 16వ శతాబ్దపు పాన్ జీషున్ ఇందుకు విరుద్ధముగా, దారిని ఇరుకుచేసినచో నీరు వేగము పుంజుకొని తన మట్టిని తానే కొట్టుకొనిపోవుననెను. భౌతికశాస్త్రము తెలియని ఆ కాలమున ఇది గొప్ప ఊహ. ఐనను ఎగువ నుండి మట్టి వచ్చుచునే ఉన్నది కదా!

నాశనమున కెల్ల నదియే కారణమనుట కూడ న్యాయము కాదు. 1938 జూన్‌లో జపాను సైన్యమును అడ్డుటకై చైనా జాతీయ సైన్యము జెంగ్‌జౌ సమీపమున హువాయువాన్‌కో వద్ద గట్టు తెగగొట్టెను. లక్షలకొలది తమ ప్రజలే మరణించిరి. గండిని పూడ్చి నదిని పాతదారికి మరల్చుటకు 1947 వరకు పట్టినది.

ఈ గట్లకు మన దేశముతో ఒక సంబంధమున్నది. 1953లో బీహారున కోసీ వరదలు వచ్చిన పిదప, 1954లో కన్వర్ సేన్, కృష్ణాజిల్లాకు చెందిన కె. ఎల్. రావు అను ఇద్దరు ఇంజనీర్లు చైనా వెళ్లి హువాంగ్‌హో కరకట్టలు చూచి, అనుకూలముగా నివేదిక నిచ్చిరి. 1955లో కోసీకి గట్లు కట్టుట ఆరంభమైనది. కోసీయు మట్టిని మోయు నదియే. 2008 ఆగస్టులో నేపాలులోని కుసహా వద్ద గట్టు తెగి, నది పాత పాయలలోనికి దూకినది. వారు చైనాలో చూచినది అబద్ధము కాదు; చూచిన కాలము చిన్నది.

ఆ రోజులలోనే చైనావారు, మట్టిని కొండలలోనే ఆపివేయ నిశ్చయించిరి. రష్యన్ నిపుణుల నమూనాతో, సాన్‌మెన్‌షియా కనుమలో 106 మీటర్ల ఎత్తుగల ఆనకట్ట పని 1957 ఏప్రిల్‌లో ప్రారంభమైనది. పీఠభూమిపై చెట్లు పెంచినచో మట్టి త్వరలో తగ్గిపోవునని వారి ధీమా. జూన్‌లో జరిగిన నిపుణుల సభలో చింగ్‌హువా విశ్వవిద్యాలయపు ఆచార్యుడు హువాంగ్ వాన్‌లీ ఈ ఆనకట్టను వ్యతిరేకించెను. మట్టి జలాశయపు ఎగువ కొసను దిగి అక్కడ వరదలు తెచ్చుననెను. కట్టక తప్పదన్నచో, అడుగు తూములనైనను మూయవద్దని కోరెను. తూములు మూసిరి. ఆయనపై ఆ సంవత్సరమే రాజకీయ ముద్ర వేసిరి. 1980 వరకు అది తొలగలేదు.

1960 సెప్టెంబరులో నీరు నిలుప మొదలిడిరి. ఏడాదిన్నరలో 150 కోట్ల టన్నుల మట్టి జలాశయమున చేరినది. వచ్చిన మట్టిలో నూటికి 93 వంతులు అక్కడనే ఆగినది. ఉపనదియైన వేయ్‌హో కలియుచోట నది అడుగు 4 మీటర్లకు పైగా పెరిగి, వేయ్‌హో లోయలోని పొలములకు, షియాన్ నగరమునకు వరద భయము కలిగినది. 1962 మార్చిలో నీటినిలువ మానివేసిరి. అదియు చాలక కొండలో 2 సొరంగములు తొలిచిరి. విద్యుత్తునకై అమర్చిన గొట్టములలో 4 బురద పోవుటకు మార్చిరి. చివరకు 1970 నుండి 1973 వరకు, ఏ అడుగు తూములను కాంక్రీటుతో మూసిరో వానిలో 8 మరల తెరచిరి. అప్పటి నుండి వరదకాలమున బురదనీరు వదలి, తరువాతి తేటనీటిని మాత్రమే నిలుపుచున్నారు.

ఈ పాఠము దిగువనున్న షియావోలాంగ్‌డి ఆనకట్టకు పనికివచ్చినది. 2001లో పూర్తియైన ఆ జలాశయము నుండి 2002 మొదలుకొని ప్రత్యేకముగా ఉద్ధృతమైన ప్రవాహము వదలి దిగువ అడుగును కడుగుచున్నారు. పాన్ జీషున్ కోరిన వేగమే ఇది, గట్లకు బదులు తలుపులతో. అడుగు 2 మీటర్లకు పైగా దిగినది. పీఠభూమిపై మెట్టపొలములు, చెట్లు, వాగులకు అడ్డముగా మట్టికట్టలు పెరిగి, 2000 తరువాత వచ్చు మట్టి పూర్వపు దానిలో ఐదవ వంతుకంటె తగ్గినది. మరియొకవైపు నీరే కరవైనది. సేద్యమునకు, నగరములకు తోడుకొనుటచే 1997లో దిగువ భాగము 226 రోజులు ఎండినది. 1999 నుండి రాష్ట్రముల వారీగా నీటిని పంచి, నదిని సముద్రము వరకు పారించుచున్నారు.

ఇపుడు బోహాయ్ తీరమున మరియొక చిక్కు కనబడుచున్నది. నది ఏటేట కొత్తనేల వేసి పెంచిన డెల్టాను, మట్టి తగ్గినందున, సముద్రము కొన్నిచోట్ల కోయుచున్నది. గట్లకు బరువుగాక, డెల్టాకు కొరతగాక, ఏటికి ఎంత మట్టి రావలెనను లెక్క ఇంజనీర్లకు ఇంకను తేలలేదు.