రెండు గుంజలు, ఒక వల: మన యువజన వాలీబాల్ శిబిరాల పూర్వకథ

ఈ శతవార్షిక సంచికలో దేవాలయాల గురించి, పాఠశాలల గురించి, వైద్యశాలల గురించి వ్రాయదగిన పెద్దలు మాకంటె అర్హులు చాలమంది ఉన్నారు. అందుచేత ఎవరూ వ్రాయరని తోచిన సంగతిని మేము ఎన్నుకొన్నాము. రెడ్డిగూడెంలో ఎండాకాలం వచ్చినదంటే దేవాలయం ప్రక్కనున్న ఎర్రమట్టి జాగాలో రెండు గుంజలు పాతి, వల కట్టి, పిల్లలకు వాలీబాల్ శిబిరం పెట్టుట మాకు అలవాటైనది. దానిని చూచి, "పాస్టరుగారూ, బైబిలు తరగతికి బదులు బంతాటేమిటండీ?" అని అడిగినవారు లేకపోలేదు. వారికి ఆనాడు సరియైన జవాబు చెప్పలేకపోయినాము. ఈ వ్యాసమే ఆలస్యంగా వచ్చిన ఆ జవాబు.

ఈ ఆట పుట్టినదే క్రైస్తవ యువజన సంఘములో, అనగా వై.ఎం.సి.ఏ.లో. 1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ వై.ఎం.సి.ఏ. శిక్షణాలయంలో జేమ్స్ నైస్మిత్ అనే ఉపాధ్యాయుడు బాస్కెట్‌బాల్‌ను కనిపెట్టినాడు. నాలుగేండ్లకు, 1895లో, దగ్గరలోనే ఉన్న హోలియోక్ పట్టణపు వై.ఎం.సి.ఏ. వ్యాయామ దర్శకుడు విలియం మోర్గన్‌కు ఒక చిక్కు వచ్చిపడినది. ఆయన దగ్గరకు వ్యాయామానికి వచ్చేవారిలో పలువురు నడివయసు వ్యాపారస్థులు. బాస్కెట్‌బాల్‌లో పరుగెత్తి, ఒకరినొకరు త్రోసికొని ఆడుట వారివల్ల కాలేదు. మోర్గన్ టెన్నిసు వలను ఆరడుగుల ఆరంగుళాల ఎత్తున, మనిషి తలకు కొంచెం పైగా కట్టించి, బంతిని నేల తాకనీయకుండ ఇటునుండి అటు కొట్టుకొనే ఆటను కల్పించినాడు. బాస్కెట్‌బాల్ బరువెక్కువ, దాని లోపలి బ్లాడరు మరీ తేలిక. కావున కొత్త బంతిని చేయించవలసి వచ్చినది. తొలుత దీనికి మింటొనెట్ అని పేరుండెను. 1896లో స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఆడి చూపినప్పుడు ఆల్‌ఫ్రెడ్ హాల్‌స్టెడ్ అనే ఆయన సూచించగా వాలీబాల్ అయినది.

మోకాళ్లు పట్టేసిన వ్యాపారస్థుల కోసం పుట్టిన ఆటను మనము పదునాలుగేండ్ల పిల్లలకు నేర్పుచున్నామని తలచుకొన్నప్పుడెల్లా మాకు నవ్వు వచ్చును. నలుబది దాటిన మాకు అప్పుడప్పుడు మోర్గన్ గారి అసలు ఉద్దేశమే బాగా అర్థమగుచున్నది!

ఆట తూర్పు దేశాలకు వచ్చినదీ వై.ఎం.సి.ఏ. వారి చేతిసంచిలోనే. 1910లో ఎల్వుడ్ బ్రౌన్ అనే వ్యాయామ దర్శకుడు ఫిలిప్పీన్స్‌కు వెళ్లినాడు. 1913లో మనీలాలో జరిగిన దూర ప్రాచ్య క్రీడలలో వాలీబాల్ ఉన్నది. అప్పుడు జట్టుకు పదహారుమంది! మనిషిమనిషికీ బంతి అందవలెనన్నదే ఆనాటి తలంపు కాబోలు. ఒకడు బంతిని ఎత్తిపెట్టగా మరొకడు ఎగిరి క్రిందికి బాదుట, అనగా ఈనాడు మన పిల్లలు ప్రాణం పెట్టే స్మాష్, 1916 ప్రాంతంలో ఫిలిప్పీన్స్‌లోనే పుట్టినది. అమెరికాలో పుట్టిన శాంతమైన ఆటకు పదును పెట్టినవారు ఆసియావాసులే అన్నమాట.

మన దేశానికి సంబంధించినంతవరకు చెప్పవలసిన పేరు హారీ క్రో బక్. స్ప్రింగ్‌ఫీల్డ్‌లో చదివిన ఈయన 1919లో మద్రాసుకు వచ్చి, 1920లో వై.ఎం.సి.ఏ. వ్యాయామ విద్యా కళాశాలను స్థాపించినాడు. 1924 పారిస్ ఒలింపిక్ క్రీడలకు వెళ్లిన భారత జట్టును వెంటబెట్టుకొని పోయినవాడు కూడ ఆయనే. 1943లో మరణించువరకు ఆ కళాశాలయే ఆయన లోకము. అప్పటికి మన కృష్ణా జిల్లా మద్రాసు రాజధానిలోని భాగము. డ్రిల్లు మాస్టరు అంటే బెత్తము, లెఫ్ట్ రైట్ తప్ప మరొకటి తెలియని రోజులలో, ఆటను కూడ పాఠముగా చెప్పవచ్చునని నేర్పినది ఆ కళాశాల. మిషను బోర్డింగులలో సాయంకాలపు ఆటల గంటను గుర్తుంచుకొన్న పెద్దలు ఇంకను మన మధ్య ఉన్నారు. గంట కొట్టినప్పుడు బోర్డింగు పిల్లవాడికి కులము, ఊరు, చెప్పులు ఉన్నవా లేవా అన్న లెక్క లేకుండ వరుసలో చోటు దొరికెడిది. ఆ చోటు ఊరి నడివీధిలో వానికి దొరికెడిది కాదు.

ఇక్కడ మరొక సంగతి జ్ఞాపకం చేయవలెను. 1912లో దోర్నకల్ ప్రథమ అధ్యక్షులుగా, ఆంగ్లికను సంఘములో మొట్టమొదటి భారతీయ బిషప్పుగా అభిషిక్తులైన వి. ఎస్. అజరయ్య గారు అంతకుముందు పండ్రెండు పదమూడేండ్లకు పైగా వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా దక్షిణాదిన ఊరూరా తిరిగినవారు. యౌవనస్థులను ఒకచోట చేర్చి, వారిచేతనే పని చేయించుట ఆయన అక్కడ అభ్యసించిన విద్య. ఆయన వాలీబాల్ ఆడినారని మేము చెప్పుటలేదు. శిబిరము అనే తలంపు మన సంఘానికి పరాయిది కాదని మాత్రమే చెప్పుచున్నాము.

స్వరాజ్యము వచ్చిన తరువాత కథ ప్రభుత్వము చేతికి పోయినది. 1951లో భారత వాలీబాల్ సమాఖ్య ఏర్పడినది. 1953లో కేంద్ర ఆరోగ్యమంత్రి రాజకుమారి అమృత్ కౌర్ పేరున క్రీడా శిక్షణ పథకము మొదలైనది. ఈనాడు వేసవిలో జరుగుచున్న కోచింగ్ క్యాంపులకు అది పెద్దమ్మ వంటిది. 1961లో పటియాలాలో జాతీయ క్రీడా సంస్థ వెలసి, కోచ్ అనే ఉద్యోగము పుట్టినది. 1962 జకార్తా ఆసియా క్రీడలలో మన పురుషుల జట్టు రజతము, 1986 సియోల్‌లో కాంస్యము గెలిచినది. సియోల్ జట్టులో మన తెలుగువాడు పి. వి. రమణ ఉన్నాడు. ఆయన కుమార్తె సింధు బ్యాడ్మింటన్‌లో రెండు ఒలింపిక్ పతకాలు తెచ్చిన తరువాత లోకమంతయు ఆయనను సింధు తండ్రి అనుచున్నది గాని, మా తరానికి సింధు రమణగారి అమ్మాయి. తల్లి విజయ కూడ వాలీబాల్ క్రీడాకారిణియే. ఎ. రమణారావు ఆటగాడిగా అర్జున, శిక్షకుడిగా 1990లో ద్రోణాచార్య పొందినాడు. ఆడపిల్లల తరపున జి. మాలినీ రెడ్డికి 1973లోనే అర్జున వచ్చినది. ఈ చివరి పేరును పాఠకులు మనసులో ఉంచుకొనవలెను. దానితో మాకు పని ఉన్నది.

ఇంత పెద్ద చరిత్ర మన పల్లెకు దిగివచ్చినది దాని చవకతనము వలననే. కోర్టు పొడుగు 18 మీటర్లు, వెడల్పు 9 మీటర్లు. కళ్లం చేసే జాగా చాలును. సున్నముతో గీతలు, సరుగుడు గుంజలు, ఒక వల, ఒక బంతి. క్రికెట్టుకు కావలసిన మైదానము, సామాను మన పేటలలో ఎవరికి ఉన్నవి? రెడ్డిగూడెం మామిడితోటల సీమ. 2022 ఏప్రిల్‌లో ఎన్.టి.ఆర్. జిల్లాలోకి వచ్చి, ఇప్పుడు తిరువూరు డివిజనులో ఉన్నది గాని, జిల్లా పేరు మారినంతలో ఎండ మారలేదు, పని మారలేదు. పిల్లలకు బడి సెలవులు వచ్చేదీ, మామిడి కోతలు ముమ్మరమయ్యేదీ ఒకే కాలము. మా మొదటి శిబిరములో ఇది మాకు తట్టనేలేదు. పట్నపు శిబిరాలను చూచి వచ్చి, ఉదయం ఏడు నుండి పది వరకు అని కాగితము అంటించినాము. మొదటిరోజు బాగానే వచ్చినారు. మూడవరోజుకు సగము మంది లేరు. సోమరులని మేము లోలోపల విసుగుకొన్నాము. పోయి విచారించగా పిల్లలందరు తోటలలో కాయలు మోయుచున్నారు! ఆ కూలి పుస్తకాలకు, చొక్కాలకు. వేదశాస్త్ర కళాశాలలో మేము చదివిన పాఠములేవియు మాకు దీనిని ముందుగా చెప్పలేదు. మరునాటి నుండి శిబిరమును తెల్లవారుజామున అయిదుకు, మరల ప్రొద్దు వాలిన తరువాతకు మార్చినాము. అప్పటి నుండి పిల్లలు తగ్గలేదు.

శిబిరములో ఏమి నేర్పుదుము? చేతులు కలిపి క్రిందినుండి బంతిని తీయుట, వ్రేళ్లతో ఎత్తిపెట్టుట, సర్వీసు, అడ్డుకొనుట. ఇవన్నియు ఎవరైనను నేర్పుదురు. కాని ఈ ఆటలో మాకు ఎక్కువగా నచ్చినది చోట్లు మారే నియమము. ఎదుటివారి నుండి సర్వీసు మనకు వచ్చినప్పుడెల్లా ఆరుగురును గడియారపు ముల్లువలె ఒక్కొక్క చోటు జరుగవలెను. ముందున్న ఆరడుగుల స్మాషరు వెనుకకు పోవలసినదే. వెనుక బంతులు ఏరుచున్న పొట్టివాడు వల దగ్గరకు రావలసినదే. సర్వీసు అందరికిని వంతు. మా ఊరిలో ఏ పనికి ఎవరు ముందుండవలెనో పుట్టుకతోనే తేల్చిపెట్టిన కాలము పూర్తిగా పోలేదు. అట్టి చోట ఈ నియమము చిన్నది కాదు. నాయకత్వము నేర్పుటకు మేము ఉపన్యాసములు ఇచ్చి చూచినాము, పిల్లలు ఆవులించినారు. రోజుకొకరిని కెప్టెనుగా పెట్టి, వల కట్టించే భారము, బంతి గాలి చూచే భారము, తగవు తీర్చే భారము వానికే ఇచ్చినాము. పని జరిగినది.

ఇక మనోధైర్యము మాట. మేము ఆడిన రోజులలో సర్వీసు మనదైతేనే పాయింటు. ఎదుటివారి సర్వీసులో మనము గెలిస్తే సర్వీసు మాత్రమే దక్కును. తప్పు చేసినను ఒక్కొక్కప్పుడు పాయింటు పోదు, తేరుకొనుటకు వెసులుబాటు ఉండెడిది. 1998లో అంతర్జాతీయ సమాఖ్యవారు దీనిని మార్చి, ప్రతి బంతికి పాయింటు, సెట్టుకు 25 అని నిర్ణయించినారు. ఆట చురుకైనది గాని, పిల్లవానికి తప్పు దాచుకొనే మరుగు లేకుండ పోయినది. సర్వీసు వలకు తగిలినదా, పాయింటు పోయినది. (వలను తాకి అటు పడితే 2001 నుండి చెల్లును, అయినను మా ఊరి పెద్దలు ఇప్పటికిని "నెట్!" అని కేక పెట్టుచునే ఉన్నారు.) ఈల వేసిన తరువాత సర్వీసు చేయుటకు ఎనిమిది సెకండ్లు. ఆ ఎనిమిది సెకండ్లు వాడు గీత వెనుక ఒంటరివాడు. తోటివారు వీపు చూపుచు నిలబడి ఉందురు.

ఒక ఏడు ఒక పిల్లవాడు, ఎనిమిదవ తరగతివాడు, వరుసగా మూడు సర్వీసులు వలకు కొట్టినాడు. గోడ మీద కూర్చున్నవారు నవ్వినారు. మేము, ధైర్యము చెప్పవలసిన మేము, "చాలు, నీవు బయటకు రా" అన్నాము. జట్టును గెలిపించవలెనన్న ఆత్రుత మాది. వాడు బంతిని నేలపై మెల్లగా పెట్టి వెళ్లిపోయినాడు. వారము రోజులు రాలేదు. ఆ తప్పు మాది. వాని ఇంటికి పోయి, వాని తల్లి ఎదుటనే చెప్పినాము. "నేను మళ్లీ వలకు కొడితే ఏం జేస్తారండీ?" అని అడిగినాడు. "నాల్గవది కూడ నీచేతనే కొట్టించెదము" అన్నాము. వచ్చినాడు. నాల్గవది కూడ వలకే తగిలినది. అయిదవది దాటినది. అప్పటి నుండి శిబిరములో ఒక కట్టుబాటు పెట్టుకొన్నాము: సర్వీసు తప్పినవానిని ఆ సెట్టులో మార్చకూడదు. ఈ కట్టుబాటు వలన ఓడిన పోటీలు ఉన్నవి. ఒక సంక్రాంతి పోటీలో ఆఖరి సెట్టు ఇట్లే పోయినది, పెద్దవారికి మా మీద కోపము కూడ వచ్చినది.

ఆడపిల్లల సంగతి వ్రాయుటకు మాకు సిగ్గుగా ఉన్నది. మొదటి రెండేండ్లు వారు గోడ ప్రక్కన నిలబడి బయటికి పోయిన బంతులు అందించినారు. అది మాకు తప్పుగా తోచనే లేదు. ఒక అమ్మాయి బంతిని చేతితో విసరక, ప్రతిసారి మోచేతులు కలిపి చక్కగా లిఫ్టరు చేతికే పంపుచుండుట చూచినాము. ఎక్కడ నేర్చుకొన్నావమ్మా అంటే, "ఇక్కడే అయ్యగారూ, చూస్తా ఉన్నాం గదా" అన్నది. మాలినీ రెడ్డి గారికి అర్జున వచ్చినది మేము పుట్టకముందు. మేమేమో ఇంకను బంతులు అందింపజేయుచున్నాము. మూడవ ఏట అమ్మాయిలకు శిబిరము పెట్టెదమన్నప్పుడు మా పెద్దలలో ఒకరు బట్టల విషయము, ఇంకొకరు పెండ్లి విషయము ఎత్తినారు. తగవు పడలేదు. తెల్లవారుజాము వేళ, తల్లులు కూడ వచ్చి కూర్చొనునట్లు, చుడీదారులతోనే మొదలుపెట్టినాము. మొదట నలుగురు, వేసవి చివరకు రెండు జట్లు. అభ్యంతరము చెప్పిన పెద్దాయన మనుమరాలు రెండవ జట్టులో ఉన్నది. ఆయన రోజూ ఆమెను దింపుటకు అని వచ్చి, ఆట ముగియువరకు చింతచెట్టు క్రింద నిలబడుచున్నాడు; కూర్చొనమంటే మాత్రము కూర్చొనడు.

మా గుంజలకు ఇప్పుడు రెండు మేకులు ఉన్నవి. పైది 2.43 మీటర్ల దగ్గర, మగపిల్లలకు, క్రిందిది 2.24 దగ్గర, ఆడపిల్లలకు. ఉదయము క్రింది మేకుకు కట్టిన వలను సాయంకాలము మగపిల్లలు వచ్చి పైకి ఎత్తుకొందురు. పోయిన వేసవిలో వాళ్లు ఒకనాడు ఎత్తుట మరచి ఆ వల మీదనే ఆడినారు. ప్రతి బంతీ చక్కగా బాదగలుగుచున్నామని అందరును సంతోషించుచుండగా, గోడ మీది అమ్మాయిలు అరగంట వరకు ఏమియు చెప్పలేదు.