రంగం బియ్యం ఆగిపోయాక

ఈ ఉత్సవ సంచికలో బెర్తుల గురించి, డ్రెడ్జింగు గురించి, ఎగుమతుల టన్నుల లెక్కల గురించి పెద్దలు చాలామంది రాస్తున్నారు. విశాఖ పోర్టుకు పట్టుమని పదేళ్ళు నిండకముందే ఈ ఊరి పొయ్యిల మీదికి వచ్చిన కరువు సంగతి నేను రాస్తాను.

1933 అక్టోబరు 7న ‘జలదుర్గ’ ఓడ లోపలి హార్బరులోకి వచ్చింది. డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ పోర్టును లాంఛనంగా ప్రారంభించాడు. ఇంత ఖర్చు పెట్టి ఉప్పుటేరు తవ్వించింది ప్రధానంగా మధ్య పరగణాల మాంగనీసు ఖనిజం కోసం. రాయపూరు నుంచి విజయనగరానికి రైలు దారి వేసిందీ అందుకే. అంటే మన పోర్టు సరుకు పంపడానికి పుట్టింది. ఊరి తిండి మాత్రం అంతకు చాలా ముందునుంచే సముద్రం మీద ఆధారపడి ఉంది.

ఆ సముద్రానికి అవతలి ఒడ్డు రంగూను. మనవాళ్ళ నోట అది ‘రంగం’. విశాఖ, భీమిలి, కళింగపట్నం, కాకినాడ రేవుల నుంచి వేలమంది రంగం వెళ్ళి అక్కడి బియ్యం మిల్లుల్లో, రేవుల్లో మూటలు మోశారు. వాళ్ళని బర్మావాళ్ళు ‘కోరంగీలు’ అనేవారు, మన గోదావరి తీరపు కోరంగి రేవు పేరు మీద. ఏటా పది లక్షల టన్నులకు మించిన బియ్యం బర్మా నుంచి భారతదేశానికి వచ్చేది. మద్రాసు రాష్ట్రానికి సొంత పంట చాలేది కాదు గనక అందులో పెద్ద వాటా ఇటే దిగేది. మనిషి అటు వెళ్ళేవాడు, మనియార్డరూ బియ్యమూ ఇటు వచ్చేవి.

1941 డిసెంబరు 23న రంగూను మీద బాంబులు పడ్డాయి. 1942 మార్చి 8న ఆ నగరం జపాను చేతిలోకి పోయింది. బియ్యం ఆగింది, మనియార్డర్లు ఆగాయి, మనుషులు తిరిగొచ్చారు. కొందరు దొరికిన ఓడ పట్టుకుని వస్తే, కొందరు అరకాను కొండల మీదుగా కాలినడకన వచ్చారు. తినే నోళ్ళు పెరిగిన నెలలోనే తెచ్చే ఓడ లేకుండా పోయింది.

నెల తిరక్కుండానే, ఏప్రిల్ 6న, జపాను విమానాలు విశాఖ మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. ఆ వారంలోనే బంగాళాఖాతంలో ఇరవైకి పైగా సరుకు ఓడలు మునిగాయి. ఊరు మూటాముల్లె సర్దుకుని పల్లెలకు పరిగెత్తింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలిపోయింది, దాని భవనాల్లో సైన్యం దిగింది. మా వాళ్ళు విజయనగరం దగ్గర చుట్టాల పల్లెకు ఒంటెద్దు బండి కట్టించుకుని వెళ్ళారు. బండిలో మా మామ్మ ఒళ్ళో పెట్టుకున్నది ఇత్తడి కుంచం ఒక్కటేనని ఇంట్లో చెప్పుకునేవారు.

భయం తగ్గి జనం తిరిగి వచ్చేసరికి బజారు మారిపోయింది. సైన్యానికి కావలసిన కూరలూ గుడ్లూ ముందు వాళ్ళ శిబిరాలకే వెళ్ళేవి. 1943లో బెంగాల్ కరువు ముదిరింది. ఇచ్ఛాపురం దాటితే గంజాం, అక్కణ్ణుంచి ఉత్తరానికి ధాన్యం ఎంత ధరకైనా అమ్ముడుపోతోంది. శ్రీకాకుళం అప్పటికి వేరే జిల్లా కాలేదు, ఆ సరిహద్దంతా విశాఖ జిల్లాదే. అందుకే ధాన్యం బండి ఎల్ల దాటాలంటే పర్మిట్ కావలసి వచ్చింది. రైతు దగ్గర ప్రభుత్వం ధర కట్టి ధాన్యం సేకరించింది. వద్దన్న దారిలో వెళ్ళిన ధాన్యానికి ‘బ్లాకు’ అన్న పేరు వచ్చింది.

మద్రాసు నగరంలో 1943లో మొదలైన రేషను క్రమంగా తక్కిన పట్టణాలకు పాకింది. ఆ ఏడాదే ఆహార విధానాన్ని పరిశీలించిన కేంద్ర సంఘం పెద్ద మనిషికి రోజుకు ఒక పౌను గింజలు ఉండాలంది. పౌనంటే పదహారు ఔన్సులు. చిక్కు ఇక్కడే వచ్చింది. గిద్ద, సోల, తవ్వ, మానిక, కుంచం అని కొలతతో బతికిన ఇల్లాళ్ళకు తూకం కొత్త. ఔన్సు అసలే తెలీదు. “సోలల్లో చెప్పు బాబూ” అని మా మామ్మ డిపో గుమాస్తాను అడిగిందట. అతను కార్డు మీద ఇంకుతో గీత పెట్టి, “కార్డుకి ఇంతే మామ్మగారూ” అన్నాడట. ఇంటికొచ్చి ఆవిడ ఆ బియ్యాన్ని మళ్ళీ సోలతో కొలిచి, రాళ్ళు ఏరి, ఏరిన రాళ్ళను కూడా ఓ దోసిట్లో పోసి చూసుకునేది, తూకంలో వాటి వాటా ఎంతో తెలియాలని. ఎసట్లో పోసే ముందు ఒక గుప్పెడు వెనక్కి తీసి వేరే కుండలో వేసేది. వారం చివర ఆ కుండే ఇల్లు గడిపేది.

బియ్యం చాలనప్పుడు గోధుమలు ఇచ్చారు. రొట్టె చేయడం రాని ఇళ్ళలో గోధుమల్ని తిరగలిలో నూక చేసి అన్నంలా వండారు. పిల్లలు మొహం తిప్పుకున్నారు. ఈ ప్రాంతాన్ని నిజంగా కాచింది చోళ్ళు. పేదవాడి పొద్దుటి అంబలి పెద్దింటి వంటగదిలోకి వచ్చింది ఆ రోజుల్లోనే.

పోర్టుకు సంబంధించిన మాట ఒకటి ఇక్కడ చెప్పాలి. మన పోర్టు తొలినాళ్ళలో బెంగాల్ నాగపూర్ రైల్వే నీడన పెరిగింది. యుద్ధకాలంలో రైల్వేలు తమ నౌకర్ల కోసం ధాన్యం దుకాణాలు తెరిచి తక్కువ ధరకు సరుకులు ఇచ్చాయి. నెల జీతగాడికి అది గొప్ప ఆసరా. ఏ రోజు కూలి ఆ రోజు తీసుకునే మనిషికి అటువంటి దుకాణం లేదు. రేషను కార్డు ఉన్నా, ఓడ రాని రోజు కూలి లేదు గనక కోటా విడిపించుకునే డబ్బు ఉండేది కాదు. కరువంటే గింజ లేకపోవడమే అనుకుంటాం. చేతిలో కాసు లేకపోవడం కూడా కరువేనని రేవులో పనిచేసిన వాళ్ళకు ముందే తెలుసు.

యుద్ధం ముగిసినా ఇబ్బంది ముగియలేదు. 1946లో రోజు కోటా పదహారు ఔన్సుల నుంచి పన్నెండుకు, అంటే సుమారు 340 గ్రాములకు దిగింది. 1947 చివర ఈ ధాన్యం కంట్రోళ్ళు సడలించారు, మరుసటి ఏడాదే మళ్ళీ బిగించారు. 1952 జూన్‌లో రాజాజీ మద్రాసు రాష్ట్రంలో వాటిని ఎత్తేశాకగాని జనం ఊపిరి పీల్చుకోలేదు.

ఇప్పటికీ మా వీధి పెద్దవాళ్ళు రేషను దుకాణాన్ని ‘కంట్రోలు షాపు’ అనే అంటారు. రంగం అన్న మాట మాత్రం మరుగున పడింది. అదే రోజున మనతోపాటు బాంబులు తిన్న కాకినాడ రేవు నుంచి ఇవాళ ఆఫ్రికా దేశాలకు బియ్యం ఎగుమతి అవుతోంది. ఆ బస్తాల కోసం ఎదురుచూసే అవతలి ఊళ్ళలో ఏ మామ్మ ఏ కొలతతో కొలుచుకుంటోందో! మా మామ్మ కుంచం ఇంకా మా అటక మీద ఉంది. అంచున చిన్న సొట్ట, ఆ బండి ప్రయాణంలో పడిందే.