శస్త్రచికిత్స వీడియోల ఎడిటింగ్

ఆపరేషన్‌ను కెమెరాతో పట్టి, పాఠానికి పనికొచ్చేది నిలిపి, మిగతాది తీసేసి, వ్యాఖ్యానం జోడించి యువ సర్జన్లకు చూపించే పద్ధతికి నూట పాతికేళ్ల చరిత్ర ఉంది. లూమియేర్ సోదరులు పారిస్‌లో టికెట్ పెట్టి సినిమా ఆడించింది 1895 డిసెంబరులో. మూడేళ్లు తిరగకముందే కెమెరా ఆపరేషన్ థియేటర్‌లోకి వచ్చేసింది.

తెచ్చినవాడు పారిస్ సర్జన్ ఉజెన్ లూయీ దువాయెన్. ఆ రోజుల్లో విద్యార్థులు మెట్ల గ్యాలరీలో కూర్చుని ఆపరేషన్ చూసేవారు. చాలామందికి కనిపించేది సర్జన్ వీపు, సహాయకుల తలలు. దువాయెన్ తన ఆపరేషన్లను ఫిల్ము మీదికి ఎక్కించి, 1898 జులైలో ఎడిన్‌బరోలో జరిగిన బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ సమావేశంలో ప్రదర్శించాడు. తన పనితనంలోని లోపాలు తెర మీద చూశాకే తెలిశాయని ఆయన చెప్పుకున్నాడు. రీలు కొద్ది నిమిషాలే వచ్చేది కాబట్టి ఏ ఘట్టం తీయాలో ముందే తేల్చుకోవాలి. ఎడిటింగ్ సగం కెమెరా తిరగకముందే అయిపోయేదన్నమాట.

ఆయన ఫిల్ముల్లో పేరుమోసినది 1902 నాటిది. ఒడిశాలో పుట్టి, సర్కస్ ప్రదర్శనల్లో తిరిగిన అవిభక్త కవలలు రాదిక, దూదికలను ఆయన వేరు చేశాడు. దూదికకు క్షయ. రెండో అమ్మాయినైనా బతికించుకుందామన్నది ప్రయత్నం. దూదిక కొద్ది రోజులకే, రాదిక మరుసటి ఏడు కన్నుమూశారు. ఆపరేషన్ చిత్రం మాత్రం సంతల్లో వినోదంగా ఆడింది. కెమెరామన్ పార్నలాండ్ అనుమతి లేకుండా కాపీలు అమ్ముకోవడంతో దువాయెన్ కోర్టుకెక్కాడు. 1905లో తీర్పు ఆయన పక్షానే వచ్చింది. రోగి శరీరాన్ని ఎవరు, ఎందుకు చూడాలన్న ప్రశ్న ఈ రంగానికి పుట్టుకతోనే అంటుకుంది.

1923లో కోడక్ 16 మిల్లీమీటర్ల ఫిల్ము తెచ్చింది. పాత ఫిల్ములా భగ్గున మండదు, ఖర్చూ తక్కువ. దాంతో ఆసుపత్రులు, వైద్య కళాశాలలు సొంతంగా చిత్రాలు తీసుకోవడం మొదలైంది. 1935లో కోడాక్రోమ్ రంగుల ఫిల్ము వచ్చాక ధమని, సిర, కొవ్వు దేనికది తెలిసింది. నలుపు తెలుపుల్లో రక్తమూ నీడా ఒకేలా కనిపించేవి.

అసలు మలుపు చిన్న రంధ్రం గుండా కడుపులోకి గొట్టం పంపి చేసే లాపరోస్కోపీతో వచ్చింది. గొట్టం చివర కన్నుపెట్టి సర్జన్ ఒక్కడే చూసే దృశ్యాన్ని వీడియో కెమెరా టీవీ తెర మీదికి తెచ్చింది. సర్జన్ చూసేదే విద్యార్థీ చూస్తాడు, చూసిందంతా రికార్డవుతుంది. 1987లో లియోన్‌లో ఫిలిప్ మూరే లాపరోస్కోపీతో గాల్‌బ్లాడర్ తీశాడు. 1989లో బోర్డోకు చెందిన జాక్ పెరిసా అమెరికాలోని లూయీవిల్ సమావేశంలో తన వీడియో ఆడిస్తే సర్జన్లు గుమిగూడి చూశారు. మరుసటి ఏడాదే ముంబై జె.జె. ఆసుపత్రిలో డాక్టర్ టెహెమ్టన్ ఉద్వాడియా భారతదేశంలో ఈ ఆపరేషన్‌కు శ్రీకారం చుట్టారు.

ఎడిటింగ్‌లో ఏది కోయాలి, ఏది కోయకూడదు? ఈ గాల్‌బ్లాడర్ ఆపరేషనే మంచి ఉదాహరణ. లెన్సు తుడవడం, పరికరాలు మార్చడం, పొగ తగ్గేదాకా ఆగడం తీసేస్తే నష్టం లేదు. గొట్టాలకు క్లిప్పు వేసి మూసే ముందు ఘట్టాన్ని మాత్రం ముట్టుకోకూడదు. 1995లో స్టీవెన్ స్ట్రాస్‌బర్గ్ బృందం చెప్పిన ప్రకారం అక్కడ మూడు కనిపించాలి: కాలేయం పక్కనున్న త్రికోణంలో కొవ్వు, పీచు శుభ్రమవాలి, గాల్‌బ్లాడర్ కింది భాగం కాలేయం నుంచి విడివడాలి, గాల్‌బ్లాడర్‌లోకి వెళ్లేవి రెండంటే రెండే గొట్టాలుగా తేలాలి. తొందరపడితే ప్రధాన పిత్తనాళమే తెగే ప్రమాదముంది. నిదానంగా సాగే ఆ నిమిషాలను విసుగని కత్తిరించి, నేరుగా క్లిప్పు వేయడం చూపించే వీడియో తొందరనే నేర్పుతుంది.

సర్జన్ చేతి నైపుణ్యం ఎంతో వీడియోలో తెలిసిపోతుందని 2013లో రుజువైంది. మిషిగన్‌లో బరువు తగ్గించే (బేరియాట్రిక్) ఆపరేషన్లు చేసే 20 మంది సర్జన్లు తలా ఒక వీడియో ఇచ్చారు. ఎవరివో తెలియకుండా తోటి సర్జన్లు మార్కులు వేశారు. అట్టడుగు మార్కుల వర్గం రోగుల్లో 14.5 శాతం మందికి సమస్యలు తలెత్తగా, పైవర్గంలో అది 5.2 శాతమే.

ఇప్పుడు ఆపరేషన్‌కు ముందు రాత్రి పీజీ విద్యార్థి ఫోన్ తెరుస్తాడు. 2016లో వెలువడిన అయోవా విశ్వవిద్యాలయ సర్వేలో వీడియోలకు అందరూ ఎక్కువగా ఆశ్రయించేది యూట్యూబ్‌నేనని తేలింది. అక్కడ పరీక్షించి పెట్టేవారు లేరు. ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్ నగరంలో ఉన్న ఇర్కాడ్ సంస్థ నడిపే వెబ్‌సర్జ్ వంటివి ఈ లోటు కొంత తీరుస్తున్నాయి. లాప్‌వేగాస్ పేరుతో 2018లో వచ్చిన మార్గదర్శకాలు రోగి వివరాలు గోప్యంగా ఉంచాలనీ, ఆపరేషన్‌ను దశలవారీగా చూపాలనీ, ఫలితం కూడా చెప్పాలనీ అంటున్నాయి. లాపరోస్కోపీ కెమెరాను బయటికి తీసినప్పుడు థియేటర్‌లోని ముఖాలు రికార్డవుతాయి. వాటిని ఎడిటర్ వెతికి తీసేయాల్సిందే.

ఆపరేషన్ల ప్రత్యక్ష ప్రసారం రోగి భద్రతకు చేటంటూ 2023లో భారత సుప్రీంకోర్టులో వ్యాజ్యం దాఖలైంది. ఎడిట్ చేసిన వీడియోలో ఆ చిక్కు లేదు: ప్రేక్షకుల కోసం సర్జన్ తొందరపడనక్కర్లేదు, ఆపరేషన్ అప్పటికే ముగిసి ఉంటుంది. అయితే చాలా వీడియోల్లో ఆపరేషన్ ఒక్క చుక్క చిందకుండా సాగిపోతుంది. సీనియర్ సర్జన్లు రక్తం చిమ్మిన ఆ రెండు నిమిషాలను కోసేయకుండా, అప్పుడు ఏం చేశారో తమ గొంతుతో చెబుతూ విద్యార్థుల చేతికి ఇవ్వాలి.