ఎంబీఏ చేయాలంటే డిగ్రీలో ఏ గ్రూపు తీసుకోవాలి?

ఇంటర్ ఫలితాలు రాగానే చాలా ఇళ్లలో ఇదే చర్చ. ఎంబీఏ చేయాలంటే బీబీఏనే చదవాలని, బీఏ, బీఎస్సీ వాళ్లకు సీటు రాదని చుట్టుపక్కల వాళ్లు చెప్తుంటారు. అది నిజం కాదు. ఐసెట్‌కైనా, ఐఐఎంల కోసం రాసే క్యాట్‌కైనా కావాల్సింది గుర్తింపు ఉన్న యూనివర్సిటీ డిగ్రీ, అందులో తగినన్ని మార్కులు. ఎంబీఏ కోసమని అప్పు చేసి మరీ ప్రైవేటు కాలేజీలో బీబీఏ చేరాల్సిన పని లేదు. అక్కడ చదివినవి చాలావరకు ఎంబీఏ మొదటి ఏడాదిలో మళ్లీ వస్తాయి. బీకాం అయితే అకౌంట్స్, బీఎస్సీ అయితే లెక్కలు, స్టాటిస్టిక్స్ చేతికొస్తాయి.

అయితే ఒక మినహాయింపు ఉంది. ఉర్దూ, అరబీ చదివే పిల్లలున్న కుటుంబాలు దీన్ని ముందే తెలుసుకోవాలి. తెలంగాణ ఐసెట్ ద్వారా ఎంబీఏలో చేరడానికి బీఓఎల్ వంటి ప్రాచ్య భాషల డిగ్రీ పనికిరాదు. తెలుగు, సంస్కృతం ఓరియంటల్ డిగ్రీలకూ ఇదే నిబంధన. మామూలు బీఏలో ఉర్దూ ఒక సబ్జెక్టుగా తీసుకున్నవారికి ఇబ్బంది లేదు. మూడేళ్లు చదివాక తెలిస్తే చేసేదేమీ ఉండదు కాబట్టి చేరేముందే కాలేజీలో అడిగి చూసుకోవాలి.

మార్కుల దగ్గర కూడా తేడా ఉంది. ఐసెట్‌కు డిగ్రీలో 50 శాతం, రిజర్వుడు వర్గాలకు 45 శాతం చాలు. క్యాట్‌లో 45 శాతం సడలింపు ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకే. ఓబీసీలకు 50 ఉండాల్సిందే. అంటే 47 శాతం వచ్చిన బీసీ-ఇ విద్యార్థి ఐసెట్ రాయొచ్చు, క్యాట్ రాయలేడు. అందుకే గొప్పగా వినిపించే గ్రూపు కన్నా మార్కులు నిలబెట్టుకోగలిగే గ్రూపే మేలు.

ఐసెట్‌లో 200 ప్రశ్నలు, రెండున్నర గంటలు. విశ్లేషణకు 75, గణితానికి 75, కమ్యూనికేషన్‌కు 50. తప్పు రాస్తే మార్కులు కోయరు. లెక్కలు చాలావరకు పదో తరగతి స్థాయివే: శాతాలు, నిష్పత్తులు, లాభనష్టాలు. బీఏ వాళ్లు రెండో ఏడాది నుంచి రోజూ ఓ గంట కూర్చుంటే అందుకోవచ్చు. తెలంగాణలో మొదటి రెండు విభాగాలు తెలుగులో, ఎంపిక చేసిన సెంటర్లలో ఉర్దూలోనూ ఉంటాయి. కమ్యూనికేషన్ మాత్రం ఇంగ్లీషులోనే. క్యాట్ సంగతి వేరు, అక్కడ తప్పు ఆప్షన్ పెడితే ఒక మార్కు పోతుంది. పైగా మూడు విభాగాలకూ విడివిడిగా సమయం.

డిగ్రీతోపాటు నేర్చుకోవాల్సినవి ఎక్కువేం కాదు: ఎక్సెల్, ట్యాలీ, కాస్త మాట్లాడే ఇంగ్లీషు. స్వయం పోర్టల్‌లో మేనేజ్‌మెంట్ పాఠాలు ఉచితంగానే దొరుకుతాయి. సర్టిఫికెట్లు పోగేయడం మీద వేలు ఖర్చుపెట్టడం దండగ.

ఉర్దూ వచ్చినవారికి గచ్చిబౌలిలోని మౌలానా ఆజాద్ నేషనల్ ఉర్దూ యూనివర్సిటీలోనూ ఎంబీఏ ఉంది. అక్కడ చేరాలంటే గతంలో ఉర్దూ మీడియంలోనో, సబ్జెక్టుగానో చదివి ఉండాలి.

ఇక ఫీజు రీయింబర్స్‌మెంట్ కన్వీనర్ కోటా సీటుకే. మేనేజ్‌మెంట్ కోటాలో చేరితే ఐసెట్ ర్యాంకు ఉన్నా అది రాదు. కౌన్సెలింగ్ నాటికి కుల, ఆదాయ ధ్రువపత్రాలు చేతిలో ఉండాలి కాబట్టి మీసేవలో ముందే దరఖాస్తు పెట్టుకోవాలి.