స్పిట్‌ఫైర్ గదిలోని వస్తువులు: అసలేది, నకిలీ ఏది?

1940 జూలైలో ఇంగ్లండులో ఆడవాళ్ళు వంటింట్లోని అల్యూమినియం గిన్నెలూ, మూతలూ, కెటిళ్ళూ మూటగట్టి తీసుకుపోయి ఇచ్చేశారు. వాటితో యుద్ధ విమానాలు చేయిస్తామని విమాన తయారీ శాఖ మంత్రి బీవర్‌బ్రూక్ ప్రభువు పిలుపునిచ్చాడు. 1945లో యుద్ధం ముగిశాక వ్యవహారం తలకిందులైంది. ఆ విమానాలనే తుక్కు కింద కరిగించారు. స్పిట్‌ఫైర్లు మొత్తం 20,000కు పైగా తయారైతే ఈనాడు ఆకాశంలో ఎగరగలిగినవి పదుల్లోనే వున్నాయి. అందుకే ఆ విమానంలో పైలట్ కూర్చునే ఇరుకు గదిలోని మీటరుకూ, మీటకూ, పిడికీ కూడా ఇవాళ గిరాకీ. గిరాకీ వున్నచోట నకిలీ రాకుండా వుంటుందా?

ఇందులో ఆడవాళ్ళకేం పని అంటారేమో. సౌతాంప్టన్‌లోని స్పిట్‌ఫైర్ ఫ్యాక్టరీ మీద 1940 సెప్టెంబరులో బాంబులు పడ్డాక, ఆ పనిని చుట్టుపక్కల ఊళ్ళలోని కార్ల షెడ్లకూ, బస్సుల డిపోలకూ, చివరికి బట్టలుతికే లాండ్రీలకూ పంచిపెట్టారు. అక్కడ పనిచేసినవాళ్ళలో ఆడవాళ్ళు చాలామంది. తయారైన విమానాన్ని స్థావరానికి నడిపి అప్పగించిన పైలట్లలోనూ స్త్రీలున్నారు. 1943 నుంచి వాళ్ళకు మగవాళ్ళతో సమానంగా జీతం కూడా ఇచ్చారు. ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు.

ఇక అసలు సంగతికొద్దాం. పైలట్ ఎదురుగా ఒక పలక మీద ఆరు మీటర్లుంటాయి. వేగం చెప్పేది, ఎత్తు చెప్పేది, ఎంత త్వరగా పైకి పోతున్నామో చెప్పేది, దిక్కు చూపేది, మలుపు చూపేది, మబ్బుల్లో నేలెటో తెలియనప్పుడు విమానం ఒరిగిందో లేదో చూపేది. ఇక్కడే కొనేవాళ్ళు మోసపోతారు. ఈ ఆరింటి పలక స్పిట్‌ఫైర్‌కే ప్రత్యేకం కాదు. హరికేన్‌లోనూ అదే, పెద్ద బాంబర్ లాంకాస్టర్‌లోనూ అదే. మీటరు నూటికి నూరుపాళ్ళు అసలుదే అయినా, అది స్పిట్‌ఫైర్‌లోదన్న మాట వట్టిది కావచ్చు. నన్నడిగితే పూర్తి నకిలీ కన్నా ఈ సగం నిజమే ప్రమాదం. నకిలీని చూపు పట్టేస్తుంది, సగం నిజాన్ని పట్టదు.

మరి ఎలా తేల్చుకోవడం? వస్తువును తిరగేసి వెనకవైపు చూడాలి. అక్కడ కిరీటం గుర్తు, దాని కింద ఎ.ఎం. అనే అక్షరాలు వుంటే అది బ్రిటిషు ఎయిర్ మినిస్ట్రీ సామాను. మీటరయితే 6ఎ అని మొదలయ్యే నంబరుంటుంది. ఇంతవరకూ ఏ విమానానికైనా ఒకటే. స్పిట్‌ఫైర్ కోసమే పోతపోసిన భాగాలకు మాత్రం నమూనా పటం నంబరుంటుంది. మొదటి రకానికి 300తో, తొమ్మిదో రకానికి 361తో మొదలవుతుంది. పక్కనే తనిఖీదారు కొట్టిన చిన్న ముద్ర. సిబిఎఎఫ్ అని వుంటే బర్మింగ్‌హామ్ దగ్గరి కాసిల్ బ్రామ్‌విచ్ ఫ్యాక్టరీ. 6ఎస్ అని వుంటే సూపర్‌మెరీన్ కంపెనీ. మన అమ్మమ్మల బిందెల మీద పేర్లు చెక్కించినట్టే అనుకోండి. చేయి మారినా పేరు పోదు.

పైలట్ పట్టుకునే పిడిని స్పేడ్ గ్రిప్ అంటారు. పార పిడిలా గుండ్రంగా వుంటుంది. దానికే తుపాకులు పేల్చే బొత్తం, బ్రేకు మీట. 1940లో ఎక్కువ స్పిట్‌ఫైర్లకు ఎనిమిది మెషిన్‌గన్లే కాబట్టి ఒకటే గుండ్రటి బొత్తం. తర్వాత ఫిరంగులు కూడా చేరాక, ఏది కావాలంటే అది పేల్చేలా అటూ ఇటూ వొత్తే పొడుగాటి బొత్తం వచ్చింది. ఆ పొడుగాటి బొత్తమున్న పిడిని చూపించి "ఇది 1940 మొదటి రకం స్పిట్‌ఫైర్‌లోది" అన్నవాణ్ణి వెంటనే నమ్మకండి.

కొన్నాక చేసే తప్పు మరొకటుంది. చింతపండు పెట్టి తోమినట్టు తళతళలాడేలా తోమెయ్యడం. అలా తోమితే పాత బూడిద-ఆకుపచ్చ రంగు పొరా, ముద్రా అన్నీ పోతాయి. సాక్ష్యాన్ని చేతులారా చెరిపేసినట్టవుతుంది. విమానాలను బాగుచేసేవాళ్ళు కొత్తగా చేయించే భాగాలూ వున్నాయి. కొత్తవని చెప్పి అమ్మితే అందులో తప్పేమీ లేదు. వాటినే గోకి, మసిపూసి పాతవని అమ్మితేనే తప్పు.

అన్నిటికన్నా ముఖ్యంగా పిల్లలున్న ఇళ్ళవాళ్ళు ఇది వినాలి. రాత్రిపూట కనబడడానికి ఈ మీటర్ల అంకెల మీద రేడియం కలిసిన రంగు పూశారు. ఇప్పుడు చీకట్లో చూస్తే అది వెలగదు. వెలిగే పదార్థం పాడైపోయింది గాని రేడియం పోలేదు. దాని బలం సగానికి తగ్గడానికే సుమారు 1,600 సంవత్సరాలు పడుతుంది. అమెరికాలో న్యూజెర్సీలో 1917 తర్వాత ఇలాంటి రంగుతో గడియారాల అంకెలు దిద్దిన ఆడపిల్లలు కుంచె మొన తేలడానికి పెదవులతో సన్నం చేసేవారు. వాళ్ళ దవడ ఎముకలు కుళ్ళిపోయాయి, ఎందరో చనిపోయారు. అయిదుగురు కోర్టుకెక్కితే 1928లో రాజీ కుదిరి పరిహారం వచ్చింది. కాబట్టి అద్దం పగిలిన మీటరు కొనవద్దు. బాగున్నదాన్ని విప్పవద్దు, పడకగదిలో పెట్టవద్దు. రేడియం నుంచి వచ్చే వాయువు కూడా మంచిది కాదు, గాలి ఆడే చోటే వుంచాలి.

ఇంతకీ చాలా భాగాల మీద విమానం నంబరు వుండదు. ఫలానా విమానంలోదని చెప్పాలంటే కాగితాలుండాలి: ఎవరు ఎక్కడ తీశారు, ఎవరి చేతిలోంచి ఎవరికి వచ్చింది అని. కూలిన చోట తవ్వి తీసిందంటే ఇంకా జాగ్రత్త. అక్కడ మనిషి అవశేషాలు వుండవచ్చు. బ్రిటన్‌లో 1986 చట్టం ప్రకారం అనుమతి లేకుండా సైనిక విమానం కూలిన స్థలాన్ని ముట్టుకోవడం నేరం. అందరూ చనిపోలేదనుకోండి. 1940 మే 26న ఫ్రాన్సులో కలే దగ్గరి ఇసుకలో దిగిపోయిన ఎన్3200 స్పిట్‌ఫైర్ పైలట్ జెఫ్రీ స్టీఫెన్‌సన్ బతికి జర్మన్లకు ఖైదీ అయ్యాడు. ఆ విమానాన్ని 1986లో ఇసుకలోంచి తీశారు. బాగుచేశాక 2014లో అది మళ్ళీ ఎగిరింది. ఇప్పుడు డక్స్‌ఫర్డ్‌లోని ఇంపీరియల్ వార్ మ్యూజియం సొత్తు.

మనకు దగ్గరి ఆశ ఒకటుంది. నిజాం విరాళం వల్ల 152వ దళానికి హైదరాబాద్ స్క్వాడ్రన్ అని పేరొచ్చింది. దాని చిహ్నం మీద నిజాం తలపాగాయే వుంటుంది. 1940లో ఇంగ్లండు దక్షిణ తీరంలోని వార్మ్‌వెల్ నుంచి, తర్వాత బర్మా రంగంలో ఆ దళం స్పిట్‌ఫైర్లు నడిపింది. "హైదరాబాద్ దళం మీటరు" అంటే మనవాళ్ళెవరికైనా చెయ్యి జేబులోకి పోతుంది. కాని దళం గుర్తు యు.ఎం. అక్షరాలను విమానం పక్కల మీద రాసేవారు, మీటరు మీద కాదు. ముందు విమానం నంబరు అడగండి. లండన్ దగ్గర క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో దళాల రోజువారీ రికార్డులున్నాయి. ఏ నంబరు విమానంలో ఎవరు ఏ వేళకు లేచారో, ఏ వేళకు దిగారో వాటిలో రాసివుంటుంది. కొందరికి దిగిన వేళ వుండదు.